ఎదుటివాళ్ళ మాట ముందు మనం చెప్పి చూపించాకే మన వాదన మొదలుపెట్టాలా?

చిరుగాలి:
అమ్మని తన దగ్గరికి తెచ్చుకుంటానని అన్నయ్య. ఆవిడ ఇంట్లో ఆవిడని ఉండనివ్వమని నేను. ఆరు నెలలు ఇదే గొడవ. అన్నయ్యకి పెత్తనం కావాలని నేను, నాకు బాధ్యత పట్టదని తను అనుకుంటూ ఉండిపోయాం.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1951లో ఒక ప్రసంగంలో చిన్న పద్ధతి చెప్పాడు. వాదన మధ్యలో ఆగి, ఎదుటి మనిషి అన్నదీ, ఆ మాట వెనకున్న బాధా ముందు మనం తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వాళ్ళు ఒప్పుకున్నాకే మన మాట ఎత్తాలి. పోయేదేముందని ఒకరోజు ప్రయత్నించాను.

"అమ్మ ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందనే కదా నీ భయం?" అన్నాను.

"కాదు" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రాత్రిపూట ఫోన్ మోగితే చాలు, అమ్మ బాత్రూంలో పడిపోయిందనే అనుకుంటాను. ఎవరి పేరో చూసేదాకా ఊపిరాడదు" అన్నాడు.

ఆరు నెలల్లో ఆ మాట ఒక్కసారీ బయటికి రాలేదు. నేను అడగనూ లేదు. అప్పుడు తనూ అడిగాడు, నువ్వెందుకు వద్దంటున్నావని. అమ్మ తన ఇంట్లో అర్ధరాత్రి లైటు వెయ్యకుండానే గోడ పట్టుకుని వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తుంది, కొత్త చోట స్విచ్ ఎక్కడుందో కూడా ఎవర్నో అడగాలి అన్నాను. వారం తిరక్కుండా బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలు బిగించాం. పొద్దున్నే ఏడింటికి అన్నయ్య ఫోన్ చేస్తాడు. అమ్మ అక్కడే ఉంది.

అందుకే ఏ గొడవలోనైనా ముందు చెయ్యాల్సింది ఇదే అంటాను. మీరేమంటారు?

నిప్పురవ్వ:
ఒప్పుకోలేనండి. మీరూ మీ అన్నయ్యా సమానం, ఇద్దరికీ అమ్మ మీద ప్రేమే. అన్ని గొడవలూ అలా ఉండవు. మూడు నెలలు నిద్ర మానుకుని నేను చేసిన పనిని మా పై అధికారి తన పేరుతో చూపించుకున్నాడు. అదేంటని అడిగితే ఆఫీసులో అందరూ "ఆయన మీద ఎంత టెన్షన్ ఉందో అర్థం చేసుకో" అన్నవాళ్ళే. నన్ను అర్థం చేసుకోమని ఆయనకి ఒక్కరూ చెప్పలేదు. సర్దుకోమనేది ఎప్పుడూ బలం లేనివాళ్ళకే.

పాతకాగితం:
చిలకపలుకుల్లా చేస్తే ఇది ఇంకా మండిస్తుంది. "అయితే నువ్వనేది ఏంటంటే" అని మొదలుపెట్టి, మన మాటనే కాస్త వంకర చేసి అప్పజెప్పేవాళ్ళని చూశాను. నిజంగా తెలుసుకోవాలని లేకపోతే ఆ పని ముట్టుకోకపోవడమే నయం.

మూడోగట్టు:
శత్రువుల మధ్య కూడా పనిచేసిన సందర్భం ఉంది. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్, ఈజిప్టుకి చెందిన సినాయ్ అనే ఎడారి ప్రాంతాన్ని పట్టుకుంది. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో ఆ రెండు దేశాల మధ్య 13 రోజులు చర్చలు జరిగాయి. సరిహద్దు గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు కాదనేవాళ్ళే. ఈజిప్టుకి కావాల్సింది తన నేల, ఇజ్రాయెల్‌కి కావాల్సింది సరిహద్దు పక్కన ఈజిప్టు ట్యాంకులు లేకపోవడం. ఇవి రెండూ ఒకటి కాదని గ్రహించాక దారి దొరికింది. నేల ఈజిప్టుదే, అక్కడ సైన్యం మీద మాత్రం గట్టి పరిమితులు. 1979లో శాంతి ఒప్పందం కుదిరింది. క్యాంప్ డేవిడ్ చర్చలు చెడిపోయే దశలో, వాటిని నడిపించిన అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ మనవల పేర్లు ఒక్కొక్కటీ ఫొటోల మీద రాసి ఇచ్చాడు. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కదిలిపోయాడు.

నిప్పురవ్వ:
ఆ చర్చల్లో పాలస్తీనావాళ్ళు ఎక్కడున్నారు? వాళ్ళ భవిష్యత్తు గురించి కూడా అక్కడ కాగితాలు రాసుకున్నారు, వాళ్ళ తరఫున మాత్రం ఒక్కరూ కూర్చోలేదు. ఇద్దరి మధ్య రాజీ కుదిరిందంటే, మూడోవాళ్ళని ఎవరైనా అడిగారా అని నేను చూస్తాను.

చిరుగాలి:
మీ మాట నేను తిరిగి చెప్తాను, తప్పైతే దిద్దండి. ఎదుటివాళ్ళని అర్థం చేసుకోవడం మీకు ఇష్టం లేక కాదు. ఆ పని ముందుగా చెయ్యమని ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళకే చెప్తున్నారు, కొట్టినవాళ్ళకి చెప్పట్లేదు. అంతేనా?

నిప్పురవ్వ:
చాలావరకు అంతే. ఒకటి మిగిలింది. ఆ రోజు నాకు సర్దిచెప్పినవాళ్ళకి నా మీద కోపమేం లేదు. గొడవ ఆగితే చాలనుకున్నారు. ఆయన చేసినదానికన్నా నన్ను బాధపెట్టింది అదే. మీరు ఇప్పుడు అడిగినట్టు వాళ్ళలో ఒక్కరు అడిగినా, ఆయన టెన్షన్ ఏంటో వినే ఓపిక నాకు ఉండేదేమో.

చిరుగాలి:
"ఏ గొడవలోనైనా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పైచెయ్యి ఉన్నవాళ్ళే ముందు వినాలి.

మీరడిగిన ప్రశ్న మధ్యాహ్నం నుంచీ నన్ను వదలట్లేదు. అమ్మ గురించి ఆరు నెలలు పోట్లాడాం, కడ్డీలు బిగించాం, ఫోన్‌కి టైము పెట్టుకున్నాం. నీకేం కావాలమ్మా అని ఇద్దరిలో ఎవరం అడగలేదు. ఈ సాయంత్రం వెళ్ళి అడుగుతాను.