సంక్రాంతి తర్వాత యూరప్ హనీమూన్, ఇద్దరికీ నాలుగు లక్షల్లో అవుతుందా?

నల్గొండ పిల్ల:

అందరికీ నమస్తే. మాది నల్గొండ, అబ్బాయి వాళ్ళది మిర్యాలగూడ. కార్తీకంలో పెళ్లి ఖాయమైంది. నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, ఆయనకు హార్డ్‌వేర్ షాపు ఉంది. ఇద్దరికీ యూరప్ చూడాలని ఎప్పటి నుంచో ఉంది, అదీ చలికాలంలో, మంచు పడేటప్పుడు. ఇంట్లో వాళ్ళేమో కశ్మీర్ పోయి రండి చాలు అంటున్నారు. కానీ ఆయన షాపు వదిలి ఇన్ని రోజులు బయటికి రావడం మళ్ళీ మళ్ళీ కుదిరే పని కాదు, అందుకే ఇప్పుడే పోదామని మా పట్టుదల.

ఉన్న డబ్బు నాలుగు లక్షలు, విమానం, వీసా అన్నీ కలిపి. అందులో కొంత నేను ఎత్తబోయే చీటీ డబ్బు. అప్పు మాత్రం చేయం. ట్రావెల్స్ వాళ్ళు క్రిస్మస్ వారంలో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ ప్యాకేజీ చెప్పారు, రేటు వినగానే ఆశ పోయింది. పైగా కొత్త అల్లుడు సంక్రాంతికి మా ఇంటికి రావాల్సిందే అని బాపు ముందే చెప్పేశారు. పండగ అయ్యాక పోతే చూడడానికి ఏమైనా మిగులుతుందా? వీసాకి పెళ్లి సర్టిఫికెట్ కావాలా? పాస్‌పోర్టులో నా ఇంటిపేరు మార్చాలా? పోయొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాలమూరు అన్న:

చెల్లె, మీ బాపు పండగ తర్వాత పొమ్మనడమే మీకు పెద్ద లాభం. నేను ఆస్ట్రియాలోని వియన్నాలో చదువుకున్నాను, అక్కడి చలికాలాలు బాగా తెలుసు. డిసెంబర్ అంతా క్రిస్మస్ బజార్ల కోసం జనం విరగబడతారు, ఆ తర్వాత కొత్త సంవత్సరం. జనవరి 6తో వాళ్ళ పండగలు అయిపోతాయి, అక్కడి నుంచి హోటళ్ళ రేట్లు దిగుతాయి. మన సంక్రాంతి 14నో 15నో. అంటే మీకు పండగ అయ్యే సరికి అక్కడ అన్నీ చవకగా దొరికే రోజులు మొదలై ఉంటాయి. క్రిస్మస్ బజార్లు చూడలేరు, అంతే. వాటి బదులు వియన్నాలో సిటీ హాల్ ముందు మైదానమంతా మంచుగడ్డ చేసి స్కేటింగ్ పెడతారు, అది జనవరి మూడో వారం ప్రాంతంలో మొదలై మార్చి మొదటి దాకా ఉంటుంది. ఆ లైట్ల మధ్య ఇద్దరూ చేతులు పట్టుకుని జారుతుంటే స్విట్జర్లాండ్ గుర్తుకు కూడా రాదు.

ఆ ప్యాకేజీ వదిలేయండి. మూడు దేశాల పేర్లు చెప్తారు గానీ సగం రోజులు బస్సులోనే పోతాయి, పెళ్లయిన కొత్తలో మీకు కావాల్సింది అది కాదు. హంగరీలోని బుడాపెస్ట్, ఆస్ట్రియాలోని వియన్నా, చెక్ దేశంలోని ప్రాగ్, ఈ మూడూ ఒక వరుసలో ఉంటాయి. బుడాపెస్ట్ నుంచి వియన్నాకు రైల్లో రెండున్నర గంటల పైచిలుకు, వియన్నా నుంచి ప్రాగ్‌కు నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా బుడాపెస్ట్‌లో దిగండి, తిరుగు ప్రయాణం ప్రాగ్ నుంచి పెట్టుకోండి. టికెట్ వెతికేటప్పుడు ‘మల్టీ సిటీ’ అని పెడితే వస్తుంది. వెనక్కి వచ్చే రైలు ఖర్చూ, ఒక రోజూ మిగులుతాయి.

బుడాపెస్ట్‌లో ఎక్కువ రోజులు ఉండండి, మూడింటిలో ఖర్చు తక్కువ అదే. అక్కడ సెచెని స్నానశాల అని 1913లో కట్టింది ఉంది, భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు. బయట గాలి గడ్డ కట్టిస్తుంటే ఆరుబయట కొలనులో మెడ దాకా గోరువెచ్చని నీళ్ళలో కూర్చుంటారు, ఆవిరిలో ఎదుటి మనిషి మొహం కూడా సరిగ్గా కనపడదు. ఈత బట్టలు, చెప్పులు, టవల్ ఇక్కడి నుంచే తీసుకుపోండి, అక్కడ కొంటే డబ్బు దండగ. సాయంత్రం 2వ నంబర్ ట్రామ్ ఎక్కి డాన్యూబ్ నది ఒడ్డున ఈ చివర నుంచి ఆ చివరికి పోండి, మామూలు టికెట్‌తోనే పార్లమెంట్ దీపాలన్నీ కనిపిస్తాయి. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీదికి పొద్దున్నే వెళ్ళండి, 1357లో మొదలుపెట్టిన వంతెన అది, మధ్యాహ్నానికి జనంతో నిండిపోతుంది.

దేవరకొండ:

వీసా గురించి నేను చెప్తాను. హంగరీ, ఆస్ట్రియా, చెక్, ఈ మూడు దేశాలకూ ఒకే వీసా, దాన్ని షెంగెన్ వీసా అంటారు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, రాత్రులు సమానమైతే ముందు దిగే దేశానికి. ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, వీసా సెంటర్ చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరికి 15 రోజుల ముందు వరకు, కానీ వీసా సెంటర్‌లో అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకడమే కష్టం కాబట్టి పెళ్లికి ముందే తేదీ పట్టుకోండి. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

ఇంటిపేరు జోలికి ఇప్పుడు పోవద్దమ్మా. పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్‌లో, ఇన్సూరెన్స్‌లో, హోటల్‌లో అలాగే రాయించండి. మార్చడం మొదలుపెడితే ఈ పనంతా ఆగిపోతుంది. పెళ్లి అయ్యాక సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని ఫైల్‌లో పెడితే ఇద్దరూ కలిసి పోతున్నారని స్పష్టంగా ఉంటుంది.

అసలు చూసుకోవాల్సింది బ్యాంక్ స్టేట్‌మెంట్. వీసాకి ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని వాళ్ళకు అనుమానం వస్తుంది. చీటీ ఎత్తితే ఆ కాగితాలు జత చేసి, కవర్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి. మీకు జీతం స్లిప్పులు, సెలవు లెటర్. ఆయనకు ఐటీ రిటర్న్‌లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, షాపు కరెంట్ ఖాతా. తిరిగి వచ్చి ఈ షాపే నడుపుకుంటాడని వాళ్ళకు నమ్మకం కలగాలి, షాపే మీకు బలం.

సూర్యాపేట ఆంటీ:

అందరూ సొంతంగా పొమ్మంటున్నారు, నేను మాత్రం ఒప్పుకోను. మొదటిసారి దేశం దాటుతున్న పిల్లలు, భాష రాదు, నాలుగున్నరకే చీకటి పడుతుంది, చలిలో సూట్‌కేసులు లాక్కుంటూ హోటల్ వెతుక్కోవడం హనీమూన్ అవుతుందా? ప్యాకేజీలో అన్నం, పప్పు పెడతారు, ఒంట్లో బాగోకపోతే చూసే మనిషి ఉంటాడు. కొంచెం ఎక్కువైనా మనశ్శాంతి. లేదంటే ఇంకో ఏడాది ఆగి పొండి.

పాలమూరు అన్న:

ఆంటీ, మీ భయం నాకు అర్థమైంది, చీకటి విషయం నిజమే. అందుకే పొద్దున తొమ్మిదికల్లా బయటపడి, చూడాల్సినవి వెలుగులో చూసేసి, సాయంత్రం ట్రామ్, స్నానశాల, సంగీత కచేరీ లాంటివి పెట్టుకోవాలి. హోటల్ స్టేషన్‌కో మెట్రోకో నడిచేంత దూరంలో తీసుకుంటే వెతుక్కునే బాధ ఉండదు, అక్కడ రెండొందలు మిగిలాయని ఊరి చివర తీసుకోకూడదు. ఏడాది ఆగమనడం మాత్రం నాకు నచ్చలేదు. ఏడాది తర్వాత షాపు, పిల్లలు, ఇల్లు అని ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది.

నల్గొండ పిల్ల:

అన్నా, దేవరకొండ అన్నగారూ, చాలా థ్యాంక్స్. ఆంటీ, మీరు చెప్పింది అమ్మ చెప్పినట్టే ఉంది, జాగ్రత్తగానే పోతాం. ఇంకో రెండు అడుగుతాను. ఈ ఊళ్ళలో జనవరిలో మంచు గ్యారంటీగా ఉంటుందా? తిండి సంగతి ఏంటి, ఆయన బీఫ్ తినరు, నేను అసలు మాంసమే తినను.

పాలమూరు అన్న:

ఊళ్ళలో గ్యారంటీ లేదు, ఒక్కోసారి ఉత్త వానే పడుతుంది. మంచు కోసం వియన్నా నుంచి పొద్దున రైలెక్కి సెమ్మరింగ్ పోయి సాయంత్రానికి వచ్చేయండి. 1854లో పూర్తయిన కొండ రైలు దారి అది, యునెస్కో గుర్తింపు కూడా ఉంది, వంతెనలు, సొరంగాలు దాటుకుంటూ దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న కనుమ దగ్గరికి చేరుస్తుంది. పైన స్లెడ్జ్ మీద జారొచ్చు, స్కీయింగ్ రాకపోయినా పర్లేదు.

రైలు టికెట్లు ముందు కొంటే బాగా తక్కువ, కానీ చవక టికెట్లకు డబ్బు వెనక్కి రాదు, అందుకని వీసా చేతికి వచ్చిన రోజే కొనండి. హోటళ్ళు మాత్రం ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవి ముందే బుక్ చేయండి. హంగరీలో ఫోరింట్లు, చెక్‌లో కొరునాలు నడుస్తాయి, ఆస్ట్రియాలోనే యూరోలు. యూరోలు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు హంగరీలో, చెక్‌లో గీకితే మధ్యలో మార్పిడి చార్జీ పడుతుంది, కార్డు తీసుకునే ముందు అడగండి. ఏటీఎంలో, షాపుల్లో రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని అక్కడి డబ్బే నొక్కండి.

గద్వాల వదిన:

తిండి నేను చెప్తా చెల్లె. అక్కడి గులాష్ అనే మాంసం పులుసు అంటే మామూలుగా బీఫే, ఆయనకు ముందే చెప్పు. నీకు లాంగోష్ ఉంది, పూరీలా నూనెలో వేయించి పైన మీగడ, చీజ్ వేస్తారు, వేడివేడిగా బావుంటుంది. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒక పూట అన్నం వండుకోవచ్చు, ఖర్చు సగానికి వస్తుంది. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోండి. వియన్నాలో కుళాయి నీళ్ళు కొండల నుంచి వచ్చేవి, సీసాలు కొనొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, అత్తగారు ప్రేమతో సర్దే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. మాంసం, పాల వస్తువులు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోనివ్వరు. పండక్కి చేసిన సకినాలు, గోంగూర పచ్చడి, పల్లి పొడి గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ సామానులో పెట్టుకో. బట్టల్లో ఒకే లావు స్వెటర్ కంటే లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలి దూరని జాకెట్ ఉండాలి, ఎందుకంటే లోపలికి పోతే హీటర్‌కి చెమట పడుతుంది, ఒక్కోటి తీసేయొచ్చు. డబ్బు ఎక్కడైనా తగ్గించుకో గానీ బూట్ల దగ్గర వద్దు. నీళ్ళు దూరనివి, అడుగున పట్టు ఉన్నవి కొని, పెళ్లి పనుల్లోనే రెండు వారాలు వేసుకు తిరుగు, అక్కడికి పోయాక కరవవు.