అప్‌డేట్: మలక్‌పేట చిన్న రేసులో గుర్రాల అంచనా

పోయిన వారం ఇక్కడ అడిగాను కదా, హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో 25 లోపు రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె) ఉన్న గుర్రాల 1200 మీటర్ల హ్యాండీక్యాప్‌లో (మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసు) దేన్ని ఎలా అంచనా వేయాలని. ఒక్కటీ ఈ మధ్య గెలవలేదు, ఇక ఫామ్ ఏం చూడాలన్నదే నా టెన్షన్. "స్థానం కాదు తమ్ముడూ, ఎన్ని లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో ఓడిందో, ఎంత బరువు మోసిందో చూడు" అన్న అన్నయ్యకు చాలా థ్యాంక్స్.

పాత రేసు కార్డులు (గుర్రాల వివరాలుండే పుస్తకాలు) ముందేసుకుని కూర్చున్నా. ఒక ఆడగుర్రం వరసగా ఆరు, ఏడు స్థానాల్లో వచ్చింది. కానీ రెండూ పై తరగతి రేసులు, ఓడింది మూడు నాలుగు లెంగ్త్‌లే. ఇప్పుడు కింది తరగతికి దిగింది. పైగా అప్రెంటిస్ జాకీ (ఇంకా నేర్చుకుంటున్న రౌతు), అందుకని బరువులో రాయితీ.

రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే పాడక్ దగ్గర కంచెకు ఆనుకుని చూశా. నేను మొదట మెచ్చిన గుర్రానికి జీను కింద, వెనక తొడల మధ్య చెమట తెల్లగా నురగ కట్టింది, తల విదిలిస్తూనే ఉంది. ఈ ఆడగుర్రం మాత్రం చెవులు నిక్కించి, సాఫీగా పెద్ద అంగలు వేసింది. రేసులో అది మెడ తేడాతో రెండో స్థానంలో వచ్చింది! నురగ కట్టింది ఎనిమిదో స్థానం.

పందెం కాయలేదు, నేర్చుకోవడానికే వెళ్లా. మలుపులో బయటి వైపు పరిగెత్తిన గుర్రం ఎంత నష్టపోతుందో లెక్కేయడం ఎలాగో ఎవరైనా చెప్పండి.