'ప్రజల యువరాణి' అన్న మాట తెలుగులో ఎందుకు కుదురుకోదు?

గత వారం మన బృందంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపించింది. డయానా మరణం గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని ఆమె తెలుగు చేస్తున్నారు. 1997 ఆగస్టు 31 ఉదయం బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ పలికిన 'పీపుల్స్ ప్రిన్సెస్' అనే మాటకు 'ప్రజల యువరాణి' అని రాసుకున్నారు గానీ, చదువుకుంటే ఎక్కడో తేడాగా ఉందనీ, ఆ తేడా ఎక్కడుందో అంతుపట్టడం లేదనీ అన్నారు. వ్యాఖ్యల్లో 'ప్రజా రాకుమారి' అనీ, 'జనం మెచ్చిన యువరాణి' అనీ తలా ఒక మాట సూచించారు. అందరూ 'ప్రజల' అన్న మాట చుట్టూనే తిరిగారు. నాకు మాత్రం చిక్కంతా 'యువరాణి'లో ఉన్నట్టు తోస్తున్నది.

ఆంగ్లంలో రాజు కూతురూ ప్రిన్సెస్సే, రాజు కొడుకును చేసుకుని ఆ ఇంట అడుగుపెట్టిన పిల్లా ప్రిన్సెస్సే. తెలుగుకు ఇలాంటి ఉమ్మడి మాట లేదు. రాజు కూతురైతే రాకుమారి, రాకుమార్తె, రాచబిడ్డ. కోడలైతే రాచకోడలు. 'యువరాణి' వీటికి భిన్నంగా 'యువరాజు'ను ఆసరా చేసుకుని పుట్టిన మాట. యువరాజంటే వయసులో ఉన్న రాజకుమారుడని కాదు, రాజు తరవాత గద్దె ఎక్కవలసినవాడని అర్థం. దశరథుడు రాముడికి తలపెట్టిన యౌవరాజ్య పట్టాభిషేకం ఈ సంగతినే చెబుతుంది. ఆ లెక్కన యువరాణి అంటే యువరాజు భార్య. అయితే మన జానపద చలనచిత్రాలు ఉద్యానవనంలో చెలికత్తెలతో బంతాటలాడే రాజుగారి పెళ్లికాని కూతురిని కూడా యువరాణీ అని పిలిపించి, రెండర్థాలనూ కలిపేశాయి. ఈ తరం పాఠకుడి చెవికి యువరాణి అనగానే ముందు వినిపించేది రాజు కూతురే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అనే బిరుదు 1301 నుంచీ ఇంగ్లండు రాజవంశంలో గద్దెకు వారసుడైన కొడుక్కు ఇస్తూ వస్తున్నది కనుక, ఎలిజబెత్ రాణి పెద్దకొడుకు చార్లెస్‌ను అప్పట్లో యువరాజు అనడం అక్షరాలా సరైనదే. 1981 జులై 29న సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనను పెళ్లాడిన డయానాను యువరాణి అనడమూ అంతే సరైనది. 1992 ఫిబ్రవరిలో ఆమె హైదరాబాదుకు వచ్చినప్పుడు కూడా ఆ మాటకు వంక పెట్టడానికేమీ లేదు. పత్రికలవారు వాడిన మాట సరైనదే. దాన్ని చదివినవాళ్లకు తోచిన అర్థం వేరు. ఆమె రాచపుట్టుక పుట్టిందన్న భ్రమ ఆ సందులోంచి వచ్చిందే. ఆమె ఎర్ల్ హోదా ఉన్న స్పెన్సర్ల ఇంటి ఆడపిల్ల. ఎర్ల్ అంటే మన లెక్కలో పెద్ద జమీందారు వంటివాడనుకోవచ్చు. 1975లో తండ్రికి ఆ హోదా సంక్రమించాకే ఆమె లేడీ డయానా అయింది.

మా నాయనమ్మకు ఈ భ్రమ లేదు. 1997 సెప్టెంబరు మొదటి వారంలో ఆవిడ వసారాలో కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే నేను పేపరు పైకి చదువుతున్నాను. ప్యారిస్‌లో సొరంగం, వెంటపడిన ఫొటోగ్రాఫర్లు, స్తంభానికి గుద్దుకున్న కారు, కెన్సింగ్టన్ భవనం ముందు గుట్టలుగా పడిన పూలు అన్నీ విని, "బాగానే ఉందిరా, ఇంతకీ ఆ పిల్ల రాజుగారి కూతురా, కోడలా?" అని అడిగింది. రాణిగారి పెద్దకోడలు అన్నాను. "విడాకులైపోయాయంటివి కదా, ఇంకా కోడలేమిటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీదే అంతకు ఏడాది ముందు లండన్‌లో రాజముద్ర వేసిన పత్రం ఒకటి వెలువడిందని నాకప్పటికి తెలియదు.

ఆ పత్రం తేదీ 1996 ఆగస్టు 21. విడాకులు పొందిన రాచకోడళ్లకు 'హర్ రాయల్ హైనెస్' అనే గౌరవవాచకం ఇకపై ఉండదని దాని సారాంశం. సరిగ్గా వారం తిరిగేసరికి, ఆగస్టు 28న, డయానా విడాకులు ఖరారయ్యాయి. అంతవరకు ఆమె అధికారికంగా 'ది ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్'; ఆ బిరుదులో ఆమె పేరే ఉండదు. ఆ తరవాత 'డయానా, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్' అయింది. పేరు ముందుకొచ్చింది, మధ్యలో ఒక కామా వచ్చింది. బిరుదు కాస్తా ఇంటిపేరులాగా మారి చివర తగులుకుంది. విడాకుల సంగతి మొత్తం ఆ కామాలో ఉందనవచ్చు. 'వేల్స్ యువరాణి డయానా' అని తెలుగులో కలిపి రాసేసరికి ఆ కామా మాయమై, ఆమె మళ్లీ కాపురానికి వచ్చేసినట్టు అవుతుంది.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. ఆస్థాన మర్యాద ప్రకారం 'ప్రిన్సెస్ డయానా' అనే పిలుపు ఏనాడూ చెల్లలేదు. సొంత పేరుకు ముందు ప్రిన్సెస్ అని పెట్టుకునే హక్కు ఎలిజబెత్ రాణి కూతురు ఆన్ వంటి రాచబిడ్డలది. కోడళ్లు భర్త పేరుతో చలామణీ కావాలి. అందుకే కెంట్ రాకుమారుడు మైకేల్ భార్య సాక్షాత్తు 'ప్రిన్సెస్ మైకేల్ ఆఫ్ కెంట్' అనిపించుకుంది. మన ఊళ్లలో కరణంగారి భార్య 'కరణంగారమ్మ' అయి, సొంత పేరు రేషను కార్డులో తప్ప వినిపించకపోవడం లాంటిదే ఇది. జనమూ పత్రికలూ ఈ మర్యాదను లెక్కచేయక, మొదటి నుంచీ ప్రిన్సెస్ డయానా అనే పిలిచారు. బ్లెయిర్ నోరు విప్పకముందే జనం ఆమెకు కోడలి పేరు తీసేసి కూతురి పేరు ఇచ్చేశారన్నమాట.

ఇప్పుడు బ్లెయిర్ వాక్యానికి వద్దాం. ఆయన ఆ ఉదయం తన నియోజకవర్గంలోని ట్రిమ్డన్ గ్రామంలో, చర్చి బయట నిలబడి మాట్లాడాడు. ఆమె పీపుల్స్ ప్రిన్సెస్ అనీ, మన మనసుల్లో ఎప్పటికీ అలాగే నిలిచి ఉంటుందనీ ఆ మాటల సారం. ఆ వాక్యపు బలం 'నిలిచి ఉంటుంది' అన్న క్రియలో ఉంది. కోట ఇచ్చిన గౌరవవాచకాన్ని కోట ఏడాది కిందటే తిరిగి తీసుకుంది. జనం ఇచ్చినదాన్ని తీసుకునేవారు లేరు. ఈ ఎత్తుపొడుపు పారాలంటే ప్రిన్సెస్ అన్న మాట కూతురా కోడలా అని అడగకుండా ఊరుకోవాలి. ఆంగ్లంలో ఊరుకుంటుంది. తెలుగులో యువరాణికి ముందు షష్ఠీ విభక్తి పెడితే కోసల యువరాణి, మగధ యువరాణి అన్నట్టు దేశం పేరు రావాలి, లేదా వెనకాల ఒక యువరాజు ఉండాలి. 'ప్రజల యువరాణి' అనగానే మరి ప్రజల యువరాజు ఎవరన్న ప్రశ్న లోలోపల మెదులుతుంది. ఆ సభ్యురాలికి తోచిన తేడా ఇదేనని నా అభిప్రాయం.

అన్నట్టు, ఆ పలుకుబడిని బ్లెయిర్ పుట్టించలేదు. విక్టోరియా రాణి పినతండ్రి కూతురు మేరీ అడిలైడ్‌ను 19వ శతాబ్దంలోనే అలా పిలిచేవారు. ఆమె రాచపుట్టుక పుట్టినది కనుక ఆమె విషయంలో 'ప్రజల రాకుమారి' అంటే తెలుగులో ఏ పేచీ రాదు.

'ప్రజా రాకుమారి' అన్న సూచన నాకు నచ్చలేదు. 'ప్రజ' అంటే మొదటి అర్థం సంతానం. 'కౌసల్యా సుప్రజా రామ' అన్నప్పుడు విశ్వామిత్రుడు చెబుతున్నది అదే. పాలితులను బిడ్డలుగా భావించడం వల్ల ఆ మాట జనానికి వచ్చింది. కానీ మన కాలంలో సమాసానికి ముందు చేరే 'ప్రజా' వేరే రంగు తెచ్చుకుంది. వేమనను ప్రజాకవి అన్నా, కాళోజీని ప్రజాకవి అన్నా, కోటకూ కొలువుకూ ఎదురుగా నిలిచినవాడనే ధ్వని అందులో ఉంది. దాని పక్కన రాకుమారిని నిలబెడితే ఒక కాలు ఊరేగింపులో, ఇంకో కాలు అంతఃపురంలో ఉన్నట్టుంటుంది.

1995 నవంబరులో బీబీసీ ఇంటర్వ్యూలో ఆమె తనకు తానే కోరుకున్న పేరు మరొకటి ఉంది: ప్రజల హృదయాలకు రాణి కావాలని. దీన్ని పొదుపుగా 'హృదయరాణి' అన్నామో, సినిమా పాటలోకి జారిపోతాం. 'జనహృదయాల రాణి' అనక తప్పదు. ఆ ఇంటర్వ్యూ కోసం ఆమె సోదరుడికి నకిలీ బ్యాంకు పత్రాలు చూపి మోసం చేశారని 2021లో విశ్రాంత న్యాయమూర్తి లార్డ్ డైసన్ జరిపిన విచారణ తేల్చింది. కనుక ఆ వాక్యాన్ని ఉటంకించేవారు ఆ సంగతినీ ఒక ముక్క చేర్చడం న్యాయం.

ఈ మరణం చుట్టూ పుట్టిన వాక్యాల్లో తెలుగు మనకు ఎక్కువ చెప్పేది సెప్టెంబరు 5న ఎలిజబెత్ రాణి టీవీలో పలికిన మాట. మీ రాణిగా, ఒక 'గ్రాండ్‌మదర్'గా మనసులోని మాట చెబుతున్నాను అన్నది ఆవిడ. ఆంగ్లంలో అది మెత్తని మాట. తెలుగులో అమ్మమ్మా నాయనమ్మా అన్నది తేల్చకుండా ముందుకు పోలేం. డయానా కొడుకులు విలియం, హ్యారీలకు ఆవిడ నాయనమ్మ. నాయనమ్మ అనగానే, చనిపోయినామెకు అత్తగారన్న సంగతి బయటపడుతుంది. అత్త అన్న మాట పలకకుండా అత్తగారు దుఃఖం చెప్పుకోగలగడం ఆంగ్లం ఇచ్చిన సౌకర్యం. మరునాడు అంత్యక్రియల ప్రసంగంలో సోదరుడు చార్లెస్ స్పెన్సర్ తన చెల్లెలు... క్షమించాలి, ఆమె అతనికి అక్క. ఆంగ్లంలో 'సిస్టర్' అంటే సరిపోతుంది, నాకే పొరపాటు వచ్చింది. తన అక్క ఏ రాచబిరుదూ అక్కరలేకుండానే వెలిగిందనీ, పిల్లల పెంపకంలో రక్తసంబంధీకులుగా తమ కుటుంబం చేయగలిగినంతా చేస్తుందనీ ఆయన అన్నాడు. తెలుగు చెవికి ఇది పుట్టింటివారు అత్తింటివారి ఎదుట నిలబడి మాట్లాడటమే. ఆమెను ఖననం చేసింది కూడా పుట్టింట్లోనే, ఆల్‌థార్ప్‌లోని చెరువు మధ్య లంకలో.

ఆ సభ్యురాలు తాను తెలుగు చేస్తున్న వ్యాసంలోని 'అన్‌లాఫుల్ కిల్లింగ్' అన్న మాట గురించి కూడా అడిగారు. డయానా మరణంపై 2008 ఏప్రిల్ 7న లండన్‌లో జ్యూరీ ఇచ్చిన తీర్పు అది. కారు నడిపినవాడి, వెంటాడిన వాహనాలవాళ్ల తీవ్ర నిర్లక్ష్యం ప్రాణాలు తీసిందని దాని భావం. దీన్ని 'హత్య' అని తెలుగు చేస్తే, కుట్ర జరిగిందన్న పుకారుకు తీర్పు సంతకం పెట్టినట్టవుతుంది. 'నేరపూరిత నిర్లక్ష్యం వల్ల మరణం' అనడం మేలు.

'పీపుల్స్ ప్రిన్సెస్'ను బ్లెయిర్ నోటి మాటగా ఒక్కసారి, కొటేషన్లలో, 'ప్రజల యువరాణి' అనే ఉంచమని నా సలహా. మిగతా చోట్ల ఒట్టి 'డయానా' చాలు.

వ్యాఖ్యలు చూశాక చేర్చినది: ఇప్పుడు వేల్స్ యువరాణి ఎవరని ఒకరు అడిగారు. 2022 సెప్టెంబరు నుంచి విలియం భార్య కేథరిన్. అంతకుముందు, 2005లో చార్లెస్‌ను పెళ్లాడిన నాటి నుంచీ చట్టప్రకారం ఆ బిరుదు కెమిల్లాదే. ఆవిడ దాన్ని వాడుకోలేదు. పదిహేడేళ్లూ కార్న్‌వాల్ డచెస్‌గానే పిలిపించుకుంది.