ఆదివారం దావత్: ఆరు రోజుల డైటింగ్ నిలుస్తదా, పోతదా?

పానగల్లు_వాకర్: ఆరు రోజులు 1,700 క్యాలరీలు, ఆదివారం మాత్రం లెక్క లేదు. నల్లగొండ జిమ్ములల్ల చాలామంది నడిపే పద్ధతి ఇదే. ఒక్కరోజు ఫుల్లుగ తింటె మెటబాలిజం లేస్తది, కొవ్వు ఇంక జల్ది కరుగుతది అంటరు. నిజమేనా?

జొన్నరొట్టె: ముందు లెక్క చూద్దాం. బరువు పెరగకుండా తగ్గకుండా ఉండటానికి రోజుకు 2,200 కావాల్సిన మనిషి 1,700 తింటే రోజుకు 500 లోటు. ఆరు రోజులకు 3,000. ఇక ఆదివారం: పొద్దున నాలుగు పూరీలు, ఆలుగడ్డ కూర 550. మధ్యాహ్నం బగారన్నం రెండు ప్లేట్లు 750, మటన్ 600, డబుల్ కా మీఠా 400. సాయంత్రం నాలుగు మిర్చీ బజ్జీలు 400. రెండు పెద్ద బీర్లు 550. రాత్రి ఇంకో 700. మొత్తం 4,000 దాకా పోతుంది, అంటే 1,800 ఎక్కువ. వారం లోటు 1,200కు పడిపోయింది. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు కాబట్టి, ఏడు రోజులూ పద్ధతిగా తింటే కరిగే 450 గ్రాములకు బదులు కరిగేది 155.

పిల్లలమర్రి_నీడ: లెక్క కరెక్టే గని లెప్టిన్‌ను మర్చిపోయినవ్ అన్నా. తిండి తగ్గిస్తె ఆ హార్మోన్ పడిపోతది, ఆకలి పెరుగుతది. ఆస్ట్రేలియాల మాటడార్ అని అధ్యయనం చేసిండ్రు, 2017ల వచ్చింది. నడుమ నడుమ విరామం ఇచ్చినోళ్లకే కొవ్వు ఎక్కువ తగ్గింది.

జొన్నరొట్టె: అందులో విరామం అంటే ఆదివారం కాదు తమ్మీ. రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు ఒంటికి ఖర్చయ్యే క్యాలరీలకు సరిపడా తిన్నారు. ఖర్చుకు మించి తినలేదు. దాన్ని బిర్యానీకి సాక్ష్యంగా తేవద్దు. ఒక్కరోజు తిండికి లెప్టిన్ లేచినా, మళ్లీ లోటులోకి రాగానే దిగిపోతుంది. ఖర్చయ్యే క్యాలరీలు కొంచెం పెరుగుతాయి, ఎక్కువ తిన్న 1,800 ముందు అది ఏ మూలకూ చాలదు.

పానగల్లు_వాకర్: మరి సోమవారం కాంటా కిలోన్నర ఎక్కువ చూపెట్టి, శుక్రవారానికి అదంతా దిగుతది కద?

కాంటా_కింద_నిజం: అసలు మోసం అక్కడే ఉంది. తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఒంట్లో నిలవయ్యే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీళ్లు చేరతాయి. 300 గ్రాములు నిండితే నీళ్లతో కలిపి కిలో 200 గ్రాములు. ఆపైన మటన్‌ల ఉప్పు పట్టే నీళ్లు. శుక్రవారానికి దిగేది ఎక్కువ ఈ నీళ్లే. ప్రతి వారం కిలోన్నర తగ్గుతున్నట్టు కనబడుతుంది, నెలకు చూస్తే ముప్పావు కిలో కూడా ఉండదు. రోజూ పొద్దున బాత్‌రూం అయినంక తూగి, ఏడు రోజుల సగటు తీసి పోయిన వారం సగటుతో పోల్చండి.

సోమవారం భయపడి ఉపాసం ఉండొద్దు. షుగర్‌కు గ్లైమిపిరైడ్ గోళీలో, ఇన్సులినో వాడేవాళ్లకయితే షుగర్ పడిపోయే ప్రమాదం.

పిల్లలమర్రి_నీడ: సరే, హార్మోన్ల మాట వదిలేస్తున్న. మనిషి మాటేంది? దసరాకు, బోనాలకు, చుట్టాల పెండ్లికి పచ్చి కూరగాయలు నమిలేటోడు మూడో నెలకు డైటే బంద్ పెడతడు.

జొన్నరొట్టె: ఇది ఒప్పుకుంటా. అందుకే వారం బడ్జెట్ వేసుకోవాలి. 1,700 చొప్పున ఏడు రోజులకు 11,900. ఆరు రోజులు 1,600 తింటే ఆదివారానికి 2,300 మిగులుతాయి. పొద్దున రెండు జొన్నరొట్టెలు, పప్పు, మధ్యాహ్నం ఒక ప్లేటు బగారన్నం, మటన్ ముక్కలు తిని పైన తేలే నూనె గిన్నెలోనే వదిలేస్తే రాత్రికి కూడా జాగా ఉంటుంది. పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు, బగారలో అది కంటికి కనబడదు.

కాంటా_కింద_నిజం: ఒక సవరణ. అన్నం, కొవ్వు రెండూ ఎక్కువైన రోజు ఒళ్లు ముందు పిండిపదార్థాన్నే ఇంధనంగా వాడుకుంటుంది, తిన్న కొవ్వు నిలవలోకి పోతుంది. అన్నం పెంచితే నూనె తగ్గించాలి. మందుకూ అంతే. గ్రాము ఆల్కహాల్‌కు 7 క్యాలరీలు, అది ఖర్చయ్యేదాకా కొవ్వు కరగడం పక్కకు పోతుంది. కల్లు చెట్టు నుంచి దిగింది కదా అని లెక్క తప్పదు.

పిల్లలమర్రి_నీడ: దావత్ ఉన్నదని పొద్దున తినకుండ పోతె?

జొన్నరొట్టె: 400 మిగులుతాయి. ఆకలి ఆపుకోగలిగినవాళ్లకు మంచిదే.

కాంటా_కింద_నిజం: నేను ఒప్పుకోను. ఖాళీ కడుపుతో పోయినోడు రెండో ప్లేటుకు లేస్తడు, ఆ 400 అక్కడే పోతయి. రెండు ఉడకబెట్టిన గుడ్లు తిని పోవాలె.

జొన్నరొట్టె: గుడ్లు తిన్నా రెండో ప్లేటు పెట్టే అత్తగారింట్ల ఏం చేస్తవ్?