గోల్డ్ లీఫ్ అతికించిన కమ్మలు నల్లబడుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: చెక్కతో చేసిన చెవి కమ్మల మీద గోల్డ్ లీఫ్ (పలుచని బంగారు రంగు రేకు) అతికించడం ఈ మధ్యే మొదలుపెట్టాను. జిగురు రాసి రేకు పెట్టగానే ముడతలు పడుతోంది, సగం నా వేళ్లకే అంటుకుంటోంది. ఎలాగోలా పూర్తిచేసిన జత నెల తిరక్కుండానే అంచుల దగ్గర నల్లబడింది. అసలు బంగారం నల్లబడుతుందా?

జవాబు: బంగారమైతే నల్లబడదండీ. మీరు వాడింది ఇమిటేషన్ రేకు అయ్యుంటుంది, ప్యాకెట్ వెనక ఓసారి చూడండి. అది రాగి, జింకు కలిసిన ఇత్తడి. గాలి, చెమట తగిలితే అందులోని రాగి రంగు మారుతుంది. అంచులే ముందు పోయాయంటే మీరు వేళ్లతో పట్టుకున్నది అక్కడేనేమో! అసలు రేకు ప్యాకెట్ మీద 22, 23, 24 ఇలా క్యారెట్లు వేసి ఉంటాయి.

అలాగని ఉన్నదాన్ని పారేయకండి. నేను ఈ పని నేర్చుకున్నది ఇత్తడి రేకుతోనే. అసలుది మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు మందం, ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది.

ఇక ముడతలు. జిగురు తడి ఆరకముందే రేకు వేసేస్తున్నారు. గిల్డింగ్ (రేకు అతికించే పని) కోసం అమ్మే నీటి జిగురు రాసినప్పుడు పాలలా ఉంటుంది, ఆరేకొద్దీ రంగు పోయి తేటపడుతుంది. మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వేలి కణుపు ఆనించి చూడండి: పట్టి లాగాలి, తడి మాత్రం అంటకూడదు. పూత పలుచగా వేయాలి. చెక్క జిగురును పీల్చేసుకుంటుంది కాబట్టి ముందే యాక్రిలిక్ రంగు వేసి ఆరనివ్వండి. నేనైతే ఎర్రమట్టి రంగు వేస్తాను, రేకు చిట్లినచోట అది తొంగిచూస్తే బాగుంటుంది.

రేకును బట్టర్ పేపర్‌తో ఎత్తి పరచండి, మెత్తటి పొడి బ్రష్‌తో అద్దండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి (నేను మర్చిపోయాను, గదంతా బంగారమే).

ప్రశ్న: ప్యాకెట్ చూశాను, ఇమిటేషనే! పైన రంగులేని నెయిల్ పాలిష్ వేస్తే సరిపోతుందా? పాలిమర్ క్లే (కాల్చి గట్టిపరిచే ప్లాస్టిక్ మట్టి) లాకెట్లు కూడా చేయాలని ఉంది.

మరొకరి జవాబు: క్లే మీద నెయిల్ పాలిష్ వద్దే వద్దు. అందులోని ద్రావకం క్లేను మెత్తబరుస్తుంది. నేను వేసిన లాకెట్ వారాలు గడిచినా జిగటగానే ఉండిపోయింది. క్లేకి అసలు జిగురే అక్కర్లేదు, కాల్చకముందు రేకు దానంతట అదే పట్టుకుంటుంది. ఆపైన రోలర్ నడిపితే సన్నటి పగుళ్లు వస్తాయి, నాకు ఆ డిజైనే ఇష్టం. ప్యాకెట్ మీద చెప్పిన వేడిలో కాల్చి, చల్లారాక నీటి వార్నిష్ వేయండి.

మొదటి జవాబిచ్చినవారు: చెక్కకూ అదే వార్నిష్ వాడొచ్చండీ. రేకు అతికించాక ఒక రోజు ఆగి, రెండు పలుచని పూతలు వేయండి. అంచులు, వెనకవైపు వదలకండి. ఉంగరాల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు, రోజంతా రాపిడికి ఏ పూతా నిలవదు. నల్లబడిన జతను రుద్దకండి, రేకే ఊడొస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, దాని మీదే మళ్లీ జిగురు రాసి కొత్త రేకు వేసేయండి.