శీర్షిక చివర ‘అంటే..?’

ఫోన్‌లో ఇవాళ్టి వార్తల శీర్షికలు ఓ పది చదివి, ‘ఎందుకంటే..?’, ‘ఎక్కడంటే..?’, ‘ఏం జరిగిందంటే..?’ అని ఆగిపోయేవి ఎన్నో చూడండి. ఈ ‘అంటే’ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

తిను ‘తింటే’ అయినట్టే అను ‘అంటే’ అయింది, చేదర్థకం, షరతు చెప్పే క్రియారూపం. దాని తర్వాత ఇంకో మాట రావాల్సిందే, ‘తింటే’ అని ఊరుకుంటే తింటే ఏమవుతుంది అని అడుగుతాం కదా. పాత ఉత్తరాల్లో ‘వ్రాయునది ఏమనగా’ అన్న వెంటనే సంగతి ఉండేది. దండోరా వేసేవాళ్లు ‘తెలియజేయునది ఏమనగా’ అని ఆగినా, డప్పు మీద రెండు దెబ్బలు పడేంతసేపే.

పేపర్లో శీర్షికకు కాలమ్ వెడల్పు హద్దు. ఎవరు, ఎక్కడ, ఏమైంది అన్నీ ఆ నాలుగైదు మాటల్లోనే పట్టాలి. అసలు సంగతి మొదటి పేరాలో ఉండాలి, చోటు చాలక కింది నుంచి కోసేసినా వార్త చెడకూడదు. 1974లో ‘ఈనాడు’ మొదలైన ఊరు మన విశాఖ. టీ కొట్టు దగ్గర పక్కవాళ్ల చేతిలో పేపరు చూసినా ఊళ్లో ఏమైందో తెలిసిపోయేది. ఇప్పుడు శీర్షికే లింకు. ఎంతమంది నొక్కారో డెస్కులో నిమిషాల్లో కనిపిస్తుంది, దాంతో సంగతి చెప్పడం పోయి దాచడం నేర్పయింది.

సరదా వార్తలకైతే సరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఈ ఊరికి ‘తుపాను తీరం దాటేది ఎప్పుడంటే..?’ అని రాస్తే ఎలా? కరెంటు పోయి, ఫోన్‌లో నాలుగు శాతం ఛార్జింగ్ ఉన్న జాలరిపేట మనిషి ఆ లింకు ఎప్పుడు తెరవాలి?

ఇది చదివి ఒకమ్మాయి ఇలా అంది, నా జవాబు దాని కింద:

— మాస్టారూ, నేను వెబ్ డెస్కులోనే పనిచేస్తున్నాను. మీరన్నది నిజమే, ఆ టెన్షన్ మాకు రోజూ ఉంటుంది. కానీ పేపర్లో తప్పు పడితే సవరణ మర్నాడే, మేము అప్పటికప్పుడు దిద్దుతాం, ఇది చిన్న మేలు కాదు. ‘అంటే’ని తీసేయక్కర్లేదేమో, ‘తుపాను తీరం దాటేది ఎప్పుడంటే.. రేపు మధ్యాహ్నం’ అని రాయొచ్చు కదండీ?

— బాగుందమ్మా, ‘ఏమనగా’ తర్వాత సంగతి వచ్చినట్టే ఉంది. పూడిమడక దగ్గరా, భీమిలి దగ్గరా అన్నది కూడా అందులోనే పెట్టండి.