‘డ్రై వైన్’లో డ్రైకి తెలుగు మాట ఏది?

తిరుపతి సభ్యురాలు:
మా అమ్మాయి వాళ్ళు కాలిఫోర్నియాలో ఒక చిన్న వైనరీకి తీసుకెళ్ళారు. కొండవాలులో ద్రాక్షతోట, అక్కడే ఇల్లు. పండించేదీ, పులియబెట్టేదీ, సీసాలకు పట్టి అమ్మేదీ ఒకే కుటుంబం. (‘కొండకు పోయినాం’ అని ఫోన్లో చెప్తే మా ఆడపడుచు లడ్డూలు ఎన్నిచ్చారని అడిగింది. తిరుపతిలో కొండంటే ఇంకేముంటుంది!) టేస్టింగ్ రూములో ఆ ఇంటి పెద్దాయన గ్లాసులో రెండు గుక్కలు పోసి ‘ఇది డ్రై’ అన్నాడు. మా ఆయనకు తెలుగులో చెప్పబోతే ‘పొడి’ అని నోటికొచ్చింది. తాగేది పొడిగా ఎట్లుంటుంది? మీరైతే ఏమంటారు?

చిత్తూరు సభ్యుడు:
ఒగరు అంటే సరిపోదా అక్కా? ఎర్ర వైన్ తాగితే మామిడి పిందె కొరికినట్టే గదా ఉండేది.

మదనపల్లె సభ్యుడు:
తీపి లేదు కాబట్టి చప్పిడి వైన్.

పీలేరు సభ్యుడు:
చప్పిడి కుదరదన్నా. మన వైపు చప్పిడంటే ఉప్పు లేనిది, పథ్యం కూడు. తీపి లేని వైన్‌లో పులుపు బాగానే తగుల్తుంది, దాన్ని చప్పిడి అని ఎవరంటారు?

ఒగరుతోనే అసలు చిక్కు. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. చక్కెర దాదాపు అయిపోయిందాకా పులిస్తే అది డ్రై. ఒగరుకు చక్కెరతో సంబంధం లేదు, అది టానిన్లనే పదార్థాల పని. టానిన్లు తొక్కలో, గింజలో ఉంటాయి. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపే పులియబెడతారు. తెల్లదానికి ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు కాబట్టి, ఎంత డ్రై అయినా నాలుక పట్టేసినట్టుండదు. పోర్చుగల్ వాళ్ళ ఎర్ర పోర్ట్ వైన్ ఉంది చూడండి, పులుస్తుండగానే ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేస్తారు. తీపీ మిగుల్తుంది, ఒగరూ ఉంటుంది.

అక్క పోయింది కొండవాలు తోట. వాలులో నీళ్ళు నిలవవు, మట్టి పలుచన, కాయ చిన్నదవుతుంది. కాయ చిన్నదయ్యేకొద్దీ రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ, ఒగరూ ఎక్కువే. అక్క తాగింది ఎర్రదైతే తీపి లేకపోవడం, ఒగరు రెండూ ఒకే గుక్కలో తగిలుంటాయి. రెంటికీ ఒకే పేరు పెట్టాలనిపించడం అందుకే.

ఒగరన్నా వగరన్నా ఒకటే, ఉగాది పచ్చడి పుణ్యమా అని చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. సంస్కృతంలో ఈ రుచిని కషాయం అంటారు. మనమేమో కషాయాన్ని శొంఠి, మిరియాలు కాచిన నీళ్ళకు ఇచ్చేశాం. అంత మంచి మాటను డ్రైకి తాకట్టు పెట్టొద్దు, టానిన్ రుచికే ఉంచండి. డ్రైకి ‘తీపి లేని వైన్’ చాలు. రెండు మాటలైతే ఏం, సీసా మీద చోటు లేకనా?

తిరుపతి సభ్యురాలు:
తాగింది ఎర్రదే! సరే, టేస్టింగ్ రూమును ‘చవిచూసే గది’ అందామా?

పీలేరు సభ్యుడు:
చవి మంచి మాటే, కానీ పేపర్ల వాళ్ళు దాన్ని ఎక్కువగా ఓటమికే వాడుతున్నారు. ‘ఓటమి చవిచూసిన జట్టు’ చదివీ చదివీ, ఆ గదిలోకి పోవాలంటేనే భయమేస్తుంది. ‘రుచి చూసే గది’ అనండి.

చిత్తూరు సభ్యుడు:
అక్కడ రుచి చూసి ఉమ్మేస్తారంట, నిజమేనా అక్కా?

తిరుపతి సభ్యురాలు:
దానికోసం పక్కన ఒక గిన్నె పెట్టారు నాయనా. డబ్బులు కట్టి పోయినాం, మేమెవరం దాని జోలికి పోలేదు.